గురి తప్పడమేనా పాపం?

ప్రశ్న: పాపానికి హీబ్రూలో ‘గురి తప్పడం’ అని అర్థమట, మొన్న చర్చి ప్రసంగంలో చెప్పారు. అయితే పాపమంటే పొరపాటేగా అని మా తమ్ముడు ఒకటే వాదన. ఏమని చెప్పాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ప్రసంగంలో చెప్పింది నిజమేనమ్మా, కాకపోతే అది సగమే. ఆ క్రియ ‘హాతా’, నామవాచకం ‘హత్తాత్’. న్యాయాధిపతులు 20:16 తీసి చూడండి. ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన బెన్యామీనీయుల్లో ఎడమచేతి వాటం వాళ్లు 700 మంది, వడిసెల పట్టి తలవెంట్రుకను కొట్టమన్నా రాయి తప్పదు. ఆ ‘తప్పదు’ దగ్గర ఉన్నది ఈ క్రియే, అక్కడ పాపం ఊసే లేదు. సామెతలు 19:2లో తొందరపడి నడిచేవాడు దారి తప్పుతాడన్న చోటా ఇదే. మనకి ఇదేం వింత కాదు, గురి తప్పింది, దారి తప్పాడు, తప్పు చేశాడు, అన్నిటికీ మనం వాడేది ఒక్క ‘తప్పు’నే కదా. అలాగని ‘తప్పు చేశావు’ అన్నప్పుడు ఎవరి కళ్లముందూ వడిసెల మెదలదు.

హీబ్రూలోనూ అంతే. ఆదికాండము 40లో ఐగుప్తు రాజు ఫరోకి పానపాత్ర అందించే పానదాయకుడు, రొట్టెలు కాల్చేవాడు చేసినదానికీ ఇదే క్రియ. ఏం చేశారో రాయలేదు, ఎవరి పట్ల చేశారో, అంటే తమ రాజు పట్ల అని, మాత్రం రాశారు, నాకైతే అదే అసలు సంగతి అనిపిస్తుంది.

ఇక దావీదు రాజు సంగతి చూడండి. తన సైనికుడు ఊరియాని యుద్ధం జోరుగా ఉన్నచోట ముందు నిలబెట్టి, వాడు చచ్చేలా వెనక్కి తగ్గండని సేనాధిపతికి ఉత్తరం రాసి, దాన్ని ఆ ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. ఇందులో గురి ఎక్కడ తప్పింది? అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. అయినా నాతాను ప్రవక్త వచ్చి నిలదీసినప్పుడు దావీదు నోట వచ్చింది ‘హాతాతీ’, యెహోవా పట్ల పాపం చేశాను అని. పొరపాటు అయిపోయింది అని దానికి అర్థం చెప్పగలమా?

ఆ సందర్భంలోదని చెప్పే 51వ కీర్తనలో మొదటి రెండు వచనాల్లోనే మూడు మాటలున్నాయి: అతిక్రమం ‘పెషా’, అంటే తిరుగుబాటు; దోషం ‘అవోన్’, అంటే వంకర; మూడోది మన హత్తాత్. ఏడో వచనంలో ‘హిస్సోపుతో నా పాపము పరిహరింపుము’ (హిస్సోపు అంటే శుద్ధి చేయడానికి వాడే ఓ మొక్క) అన్నచోట పరిహరించడానికి వాడిన క్రియ కూడా హాతా ధాతువే, రూపం మారి ‘పాపాన్ని తీసెయ్యి’ అయింది. లేవీయకాండము 4లో పాపపరిహారార్థ బలి పేరు కూడా హత్తాతే. మీ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ముందు 2 సమూయేలు 11, 12 అధ్యాయాలు, ఆ తర్వాత ఈ కీర్తన చదవండి.