చేతుల్లో దురద పొక్కులు పదే పదే వస్తుంటే: నా అనుభవం

మీ ప్రశ్న చదువుతూనే ఒకసారి నా చేతులు చూసుకున్నాను. రెండేళ్లుగా వేళ్ల పక్కల, అరచేతుల్లో చిన్న చిన్న నీటి పొక్కులు వస్తున్నాయి, రాత్రుళ్లు దురదకు నిద్ర లేదు, మూడు వారాలకు ఎండి పొట్టు రాలిపోతాయి, హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మొదలు, రక్త పరీక్షలన్నీ నార్మల్, ఎందుకొస్తున్నాయో ఎవరూ చెప్పట్లేదు, పది నెలల పాపను ఎత్తుకోవాలంటే భయమేస్తోంది అని రాశారు. పాప సంగతి తప్ప మిగతాదంతా నాకు జరిగిందే. నేను డాక్టర్‌ని కాను, ఖమ్మం జిల్లాలో ఒక హైస్కూల్లో టీచర్‌ని. పదేళ్లు దాటింది ఈ పొక్కులతో. నాకు తెలిసింది, నేను పడింది రాస్తాను.

నాకు మొదటిసారి వచ్చింది 2014 ఏప్రిల్‌లో, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ జరిగేటప్పుడు. ఎండలు ముదిరాయి, గదిలో ఫ్యాన్ గాలి కూడా వేడిగానే ఉంది, రోజుకు నలభై పేపర్లు దిద్దాలి. ఎర్రపెన్ను పట్టుకున్న వేలి పక్కన చీమ కుట్టినట్టు చురుక్కుమంది. చూస్తే పైకి ఏమీ లేదు. వేలు వెలుతురుకు పెట్టి కాస్త వంచి చూస్తే చర్మం లోపల నాలుగైదు తెల్లటి చుక్కలు, ఉడికిన సగ్గుబియ్యం గింజల్లా. మూడో రోజుకు అవి ఒకదానితో ఒకటి కలిసి వేలి పక్కన దండ కట్టాయి. తర్వాత తెలిసింది, డాక్టర్లు కూడా వీటిని సగ్గుబియ్యంతోనే పోలుస్తారట. అరచేతి చర్మం మందం కదా, అందుకే పొక్కు వెంటనే పగలదు. లోపలే ఉండి సలుపుతుంది.

ఆ దురద పడని వాళ్లకు చెప్పినా అర్థం కాదండి. అర్ధరాత్రి రెండింటికి లేచి బాత్రూమ్‌లో గీజర్ నీళ్లు వదిలి చేతులు పెట్టేదాన్ని. ఆ వేడికి ఒక్క నిమిషం దురద కట్టేసినట్టు పోతుంది, ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. పావుగంట తిరక్కుండానే రెట్టింపై వస్తుంది. మీరూ ఇది చేస్తుంటే ఈ రాత్రి నుంచే మానేయండి. వేడినీళ్లు చర్మంలో ఉన్న కాస్త నూనెనూ లాగేస్తాయి, పగుళ్లు ఇంకా లోతుగా పడతాయి. దురద ఆగనప్పుడు తడిపిన నూలుగుడ్డ పది నిమిషాలు చుట్టి ఉంచడం నాకు చాలా నయమనిపించింది. సూదితో పొడవడం మాత్రం వద్దు. నేను ఒకసారి పొడిచాను, చీము పట్టి వేలు వాచి, యాంటీబయోటిక్ వాడాల్సి వచ్చింది.

ఇంట్లో వాళ్లు తలా ఒక మాట అన్నారు. వేడి చేసిందన్నారు, రక్తం చెడిందన్నారు. వంకాయ, గోంగూర, ఎండుచేపలు మాన్పించారు. మా అత్తయ్య అక్కి అనుకుని కుమ్మరి దగ్గరికి తీసుకెళ్లి జాజు రాయించింది. వేపాకు, పసుపు నూరి పట్టిస్తే పగిలిన చోట భగ్గుమని మండింది. ఎవరినీ తప్పుపట్టను, నా బాధ చూడలేకే అన్నీ చేశారు. కానీ ఏడాది పాటు గోంగూర ముట్టకపోయినా పొక్కులు మాత్రం వాటి టైముకు అవి వచ్చాయి.

వీటన్నిటికంటే నన్ను కుంగదీసింది ఒక పేరంటం. వచ్చిన ఒకావిడ కాళ్లకు పసుపు రాద్దామని వంగాను. ఆవిడ నా వేళ్లు చూసి, "పర్లేదమ్మా, బొట్టు పెట్టు చాలు" అని కాళ్లు చీరలోకి లాక్కుంది. ఆ తర్వాత చాలాకాలం ఎవరికీ చేత్తో ప్రసాదం కూడా పెట్టలేదు, క్లాసులో పిల్లల నోటుబుక్కులు అందుకోవాలన్నా వెనకాడేదాన్ని. మీరు పాప గురించి రాసిన వాక్యం దగ్గర నాకు అదే గుర్తొచ్చింది.

ఇప్పుడు నేను చేసిన అసలు పొరపాటు. వీధి చివర మెడికల్ షాపులో చెయ్యి చూపిస్తే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన నాలుగు రోజులకే చెయ్యి అద్దంలా అయింది. పదిహేను రోజులకు మళ్లీ వచ్చాయి, మళ్లీ ట్యూబు. ఇలా దాదాపు రెండేళ్లు. అందులో బాగా బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిపి ఉన్నాయని నాకు తెలీదు. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే చేతిలో పెట్టే షాపులు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, నాకు ఇప్పటికీ దాంతోనే ఉపశమనం. ఎంత బలమైనది, ఎన్నాళ్లు, ఎక్కడ రాయాలి అన్నది చర్మ డాక్టర్ చెప్పాలి. ఇష్టమొచ్చినట్టు రాస్తే చర్మం పలచబడుతుంది, ఫంగస్ ఉంటే అది లోలోపల పాకుతుంది.

నాకూ ఫంగస్ ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. చివరికి చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ చేతులు చూసి, "చెప్పులు విప్పండి" అంది. అప్పటివరకు చూసినవాళ్లెవరూ నా కాళ్లు చూడలేదు. కాలి చివరి రెండు వేళ్ల సందులో చర్మం తెల్లగా నాని ఉంది, నేను ఒరిసిపోయింది అనుకుని వదిలేశాను. అక్కడి పొట్టు కాస్త గీకి మైక్రోస్కోప్ కింద చూసి ఫంగస్ అని చెప్పింది. కాలిలో ఉన్న ఫంగస్ మీద ఒంట్లో జరిగే పోరాటానికి చేతుల్లో పొక్కులు రావచ్చట. చేతి పొక్కులో ఫంగస్ ఉండదు, మూలం కాలి దగ్గర ఉంటుంది. కాలికి వారాల తరబడి మందు వాడాక చేతుల్లో పొక్కులు రావడం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు. అందుకే మిమ్మల్ని మొదట అడిగేది ఇదే: కాలివేళ్ల సందులు ఎవరికైనా చూపించారా?

జబ్బు పేరు పాంఫోలిక్స్ అని, డిస్‌హైడ్రోటిక్ ఎగ్జిమా అని కూడా అంటారని ఆవిడే రాసిచ్చింది. ఈ రెండో పేరుకు ఒక కథ ఉంది. లండన్‌లో టిల్బరీ ఫాక్స్ అనే వైద్యుడు 1873లో ఈ జబ్బు గురించి రాస్తూ, చెమట బయటికి రాలేక చర్మంలో నిలిచిపోయి పొక్కులవుతోందని భావించి చెమట మీద పేరు పెట్టాడు. తర్వాతివాళ్లు మైక్రోస్కోప్‌లో చూస్తే పొక్కులకు, చెమట గ్రంథులకు సంబంధం లేదు. పేరు మాత్రం మిగిలిపోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలామందిలో ఒకే కారణం ఇదీ అని తేల్చలేరు. ఎగ్జిమా, ఆస్తమా ఉన్న కుటుంబాల్లో ఎక్కువ, వేడికీ ఉక్కకూ టెన్షన్‌కూ రేగుతుంది, కొన్ని లోహాలు పడనివాళ్లకు వస్తుంది, పొగతాగే వాళ్లలోనూ చూస్తారు. మీ రక్త పరీక్షలు బాగుండటంలో వింతేమీ లేదు, ఈ జబ్బు రక్త పరీక్షలో కనబడేది కాదు. కారణం తెలీదు అని డాక్టర్ అంటే, మీరేదో దాస్తున్నారనో, మీ శుభ్రతలో లోపముందనో కాదు. ఇది నాకు చెప్పేవాళ్లు లేక చాలా ఏడ్చాను.

కాలు నయమైనా ఏటా రెండు మూడుసార్లు వస్తుంటే, చర్మానికి ఏది పడట్లేదో చూసే ప్యాచ్ టెస్ట్ చేయించమన్నారు. వీపు మీద చిన్న చిన్న గుండ్రటి బిళ్లలున్న పట్టీలు అంటించి రెండు రోజులు ఉంచుతారు, వీపు తడవకూడదు. తీసి ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. నాకు నికెల్ అనే లోహం ఉన్న బిళ్ల దగ్గర ఎర్రగా పొంగింది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి: గిల్టు దుద్దులు పెడితే చెవులు చీము పట్టేవి, రోజూ చీరకు పెట్టుకునే పిన్నీసులు, బీరువా తాళాల గుత్తి. దుద్దులు మార్చాను, పిన్నీసులు తగ్గించాను. జీడిపప్పు, సోయా, చాక్లెట్ లాంటి వాటిల్లో నికెల్ ఎక్కువని చదివి వాటినీ కొన్నాళ్లు మానేశాను. నాలో పెద్ద తేడా రాలేదు, డాక్టరమ్మను అడిగి మళ్లీ తింటున్నాను. మీకు ప్యాచ్ టెస్టులో ఏదీ తేలకపోతే తిండి మీద పడి ఒళ్లు పాడుచేసుకోవద్దు, అందులోనూ పాలిచ్చే తల్లి అయితే.

నాకు బాగా పనికొచ్చింది ఒక పాత క్యాలెండర్. పొక్కు కనబడిన రోజు చుక్క పెట్టి, ముందు మూడు రోజులు ఏం చేశానో పక్కన రాసేదాన్ని. ఏడాది తిరిగేసరికి రెండు చోట్ల చుక్కలు గుంపుగా కనిపించాయి. ఒకటి వాల్యుయేషన్ రోజులు. రెండోది మే నెలలో ఆవకాయ పెట్టే వారం: కిలోల కొద్దీ వెల్లుల్లి ఒలవడం, ఆవపిండి కలపడం, జాడీలు కడగడం, తడి, ఉక్క, అన్నీ ఒకేసారి. ఇప్పుడు వెల్లుల్లి మా ఆయన ఒలుస్తాడు, నేను పాళ్లు చూసుకుంటాను. గిన్నెలు తోమేటప్పుడు లోపల నూలు గ్లవుజులు, పైన రబ్బరువి. ఒట్టి రబ్బరు గ్లవుజులైతే లోపల చెమట పట్టి ఇంకా ఎక్కువవుతుంది. ఇరవై నిమిషాలకోసారి విప్పి ఆరబెడతాను. చెయ్యి తడిసిన ప్రతిసారీ తుడుచుకుని తెల్ల వ్యాజిలిన్ పలచగా రాస్తాను. బ్యాగులో, స్టాఫ్ రూమ్‌లో, వంటింటి కిటికీలో ఒక్కో డబ్బా ఉంటుంది.

పొక్కులు రాబోయే ముందు చర్మం లోపల ఒక రకమైన జిల తెలుస్తుంది. ఆ రోజే డాక్టర్ రాసిచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ మొదలుపెట్టి, చెప్పినన్ని రోజులు వాడి ఆపేస్తాను. మధ్యలో స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ అనే పూతమందు ఇచ్చారు. పగిలి నీరు కారుతుంటే పొటాషియం పర్మాంగనేట్ నీళ్లు, లేత గులాబీ రంగు వచ్చేంత మాత్రమే, పలుకు పూర్తిగా కరిగాకే చెయ్యి పెట్టాలి, చిక్కగా ఉంటే చర్మం కాలుతుంది. నీరు ఆరగానే ఆపేయాలి. వీటికి లొంగకపోతే లైట్ థెరపీ, మాత్రలు ఉన్నాయి.

అయితే దురద పొక్కులన్నీ ఇవే కావు. ఇంట్లో ఇంకొకరికి కూడా దురద ఉంటే, వేళ్ల సందుల్లో, నడుము దగ్గర, రాత్రిపూట మరీ ఎక్కువైతే గజ్జి కావచ్చు, అది అంటుకుంటుంది, ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు వాడాలి. మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద రెండు పక్కలా గుంపులుగా వస్తే గోధుమల్లోని గ్లూటెన్ పడకపోవడం వల్ల వచ్చే జబ్బు ఒకటుంది. పెద్ద వయసు వాళ్లకు పెద్ద బొబ్బలు లేచినా, నోట్లో పుండ్లు వచ్చినా ఆలస్యం చేయకూడదు. చీము, జ్వరం, చేతి పైకి పాకే ఎర్రచార కనబడితే ఆ రోజే వెళ్లాలి.

ఇక పాప. పాప పుట్టాక ఎక్కువైందని రాశారు. రోజుకు ఎన్నిసార్లు చెయ్యి తడుస్తోందో లెక్కపెట్టండి: గుడ్డలు ఉతకడం, పాలసీసాలు కడగడం, స్నానం. వెట్ వైప్స్‌లో కలిపే ప్రిజర్వేటివ్‌లు కూడా కొందరికి పడవు, వాటి బదులు తడిపిన మెత్తటి గుడ్డ వాడి చూడండి. ముందుగా డాక్టర్‌కు చూపించి గజ్జి కాదు, ఫంగస్ కాదు అనిపించుకోండి. పాప అరచేతుల్లో, అరికాళ్లలో ఏమైనా లేచాయేమో కూడా చూపించండి. ఏమీ లేదంటే, ఇది ఎగ్జిమాయే అంటే, అంటుకునేది కాదు. పొక్కులోని నీరు తగిలినా రాదు. నాతో పాటు ఒకే కంచంలో తిన్న మా చెల్లెలి పిల్లలకు ఏనాడూ రాలేదు. స్టెరాయిడ్ మాత్రం పాప పడుకున్నాక రాసుకోండి, మళ్లీ ఎత్తుకునే ముందు చేతులు తుడుచుకోండి, పాప ఒంటికి, నోటికి తగలకుండా. పాలిస్తున్నట్టు డాక్టర్‌కు చెప్పండి.

మిగతా సమయమంతా ఎత్తుకోండి, లాల పోయండి, గోరుముద్దలు తినిపించండి. పగుళ్లు మండితే స్పూనుతో పెట్టండి, ఆరాక మళ్లీ చేత్తోనే పెడుదురుగాని.