హెడ్జ్ కట్టర్ వణుకుతోందా? ఒక్క బ్లేడే మార్చారేమో చూడండి

అన్నా, విరిగిన ఫ్లెయిల్ బ్లేడు (వేలాడుతూ తిరిగి కొట్టే బ్లేడు) ఒకటి మార్చిన దగ్గర్నుంచి ట్రాక్టర్‌కు తగిలించిన హెడ్జ్ కట్టర్, అదే కంచె మొక్కలు కత్తిరించే యంత్రం, వణికిపోతోందన్నారు కదా, తేడా అక్కడే ఉండొచ్చు. కొత్త బ్లేడు బరువెక్కువ, ఎదురుగా ఉన్నది అరిగి తేలికైపోయి ఉంటుంది, దాంతో రోటర్ (బ్లేడ్లు బిగించి ఉండే తిరిగే ఇరుసు) బ్యాలెన్స్ తప్పుతుంది. ఎదురెదురు బ్లేడ్లు జతగా మార్చాలి, బోల్టులతో సహా. ముందు కట్టర్‌ను నేలకు దించి, పీటీఓ (ట్రాక్టర్ ఇంజన్ నుంచి కట్టర్‌కు శక్తినిచ్చే షాఫ్ట్) ఆపేసి, ఇంజన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకోండి. రోటర్ మాత్రం ఆపాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటుంది, పూర్తిగా ఆగేదాకా దగ్గరికి వెళ్లొద్దు. కంచె తీగ చుట్టుకుందేమో కూడా చూడండి. నాకు ఒకసారి అదే అయింది, నేనేమో రెండు రోజులు బేరింగులను తిట్టుకున్నాను! ఇవన్నీ చూశాక కూడా వణుకు పోకపోతే, గ్లవ్స్ వేసుకుని రోటర్‌ను పైకీ కిందికీ కదపండి, బేరింగు లూజైతే తెలిసిపోతుంది.