అడగండి, చెబుతాం: తెల్లపులులు, పాత ప్రెసిడెంట్లు

ప్ర: సెలవుల్లో పిల్లల్ని భువనేశ్వర్ దగ్గర నందన్‌కానన్ జూకి తీసుకెళ్ళాం. ఇంత జాగా ఉంది కదా, ఇంకా బోలెడు జంతువుల్ని తెచ్చి పెట్టొచ్చు కదా అని మా పెద్దోడు అడిగాడు. నాకూ నిజమే అనిపించింది. ఎందుకు తేరండీ?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జ: చాలామంది పెద్దాళ్ళూ అలాగే అనుకుంటారమ్మా, సంతలో మేకల్ని కొన్నట్టు పులుల్ని కొనుక్కొచ్చేస్తారని. 1960లో మొదలైన ఆ జూకి ఇప్పుడు 400 హెక్టార్ల పైనే ఉంది, పక్కనే కంజియా చెరువు కాబట్టి ఇంకా పెద్దగా కనిపిస్తుంది. కానీ 1992లో దేశంలో జూలన్నిటి మీదా అజమాయిషీకి కేంద్ర జూ అథారిటీ వచ్చింది, వన్యప్రాణి చట్టం షెడ్యూల్‌లో ఉన్న జంతువుని తెచ్చుకోవాలన్నా ఇంకో జూకి ఇవ్వాలన్నా ముందు వాళ్ళ పర్మిషన్ కావాలి, ఏం పెంచుతాం ఏం కడతాం అని మాస్టర్ ప్లాన్ రాసి ఒప్పించుకోవాలి. ఒక పులి పెరిగిందంటే దానికి తిరిగే చోటు, రాత్రికి గది, మాంసం, డాక్టరు, చూసే మనిషి, ఇన్ని పెరగాలి. అందుకని ఈసారి వెళ్తే జంతువుల్ని లెక్కపెట్టొద్దు, ఒక్కోదానికి ఎంత చోటు ఇచ్చారో చూడమనండి.

తెల్లపులి సంగతి కూడా చెప్పండి పెద్దోడికి. 1980లో అక్కడ దీపక్, గంగ అనే మామూలు రంగు పులులకి 3 తెల్ల పిల్లలు పుట్టాయి, దాంతో జూ పేరు మోగిపోయింది. ఆ దీపక్, గంగ తండ్రీకూతుళ్ళు మరి. తెల్లరంగు రావాలంటే ఆ జీన్ తల్లి నుంచీ తండ్రి నుంచీ రావాలి, ఇంట్లో ఇంట్లోనే జత కడితే రంగు తేలిగ్గా వస్తుంది, వెనకాలే జబ్బులూ వస్తాయి. (ఇది గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.)

ప్ర: మా బరంపురంలో తెలుగు నాటక సమితి ఒకటుంది, రిజిస్టర్డ్ సొసైటీ, ఎవరికీ లాభం లేదు. పెట్టినాయనే 22 ఏళ్ళుగా ప్రెసిడెంటు. ఆయన కష్టం కాదనలేం, కానీ రిజిస్ట్రేషన్ కాగితం, పాస్‌బుక్కు, తెరల పెట్టె తాళం అన్నీ వాళ్ళింట్లోనే. కమిటీలో సగం బావమరుదులూ మేనల్లుళ్ళూ. మార్పు మాటెత్తితే "నేను పోయాక చూసుకోండి" అంటారు. ఏం చెయ్యాలి?
– ఒక సభ్యుడు, బరంపురం

జ: నవ్వకండి గానీ బాబూ, ముందు జూనే చూద్దాం. అక్కడ డైరెక్టరుగా ఉండేది అటవీ శాఖ ఆఫీసరు, బదిలీ ఆర్డరు రాగానే సూట్‌కేసు సర్దుకుని వెళ్ళిపోతాడు, మర్నాడు పొద్దున ఏనుగు మేత మాత్రం ఆగదు. ఎందుకంటే ప్రతి జంతువుకీ హిస్టరీ కార్డుంటుంది, ఎప్పుడు పుట్టింది, ఏం జబ్బు చేసింది, ఏ మందేశారు అన్నీ అందులో ఉంటాయి, వచ్చినాయన అది చదువుకుంటే చాలు. మీ సమితి కార్డు ప్రెసిడెంటుగారి బుర్రలో ఉంది, గొడవంతా అదే. నాకు తెలిసిన సమితి ఒకటి ఇలాగే అయింది. పెద్దాయన పోయాక పెట్టె తెరిస్తే వెల్వెట్ తెరకి చెదపట్టి మడత విప్పుతుంటే పొడి రాలింది, అట్ట కిరీటాల మీద తగరం మాత్రం మెరుస్తోంది, ఏ కిరీటం ఏ పాత్రదో చెప్పే మనిషే లేడు.

అలాగని ఎలక్షన్‌తో మొదలెట్టకండి, మనవాళ్ళ సంగతి తెలుసుగా, ఒక సమితి రెండవుతుంది, రెండింటికీ జనం రారు. స్టాకు రిజిస్టరుతో మొదలెట్టండి. ఓ ఆదివారం ఇద్దరు కుర్రాళ్ళు నోట్‌బుక్కు పట్టుకెళ్ళి "మీరు చెప్పండి బాబాయ్‌గారూ, మేం రాసుకుంటాం" అని కూర్చోండి. చెప్తారు, మధ్యాహ్నం భోజనం పెట్టి మరీ చెప్తారు. మీ ఊరి ఠాకురాణి యాత్రలో పులివేషాలప్పుడు చూడలేదా, ఆడే వయసు దాటిన తాత ముక్కాలిపీట మీద కూర్చుని మనవడి వీపు మీద పులిచారలు గీస్తాడు, వాడు కదిలితే ఒకటి అంటిస్తాడు. మీ బాబాయ్‌గారికి ఆ పీట వెయ్యండి.

ఇక చట్టం. ఒడిశాలో సొసైటీలకి 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే. ఏటా సర్వసభ్య సమావేశం అయిన 14 రోజుల్లోపు కమిటీ లిస్టు రిజిస్ట్రారుకి ఇవ్వాలి, మీవాళ్ళు ఆఖరిసారి ఎప్పుడిచ్చారో అడగండి, మెత్తగానే అడగండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండేలా తీర్మానం రాయించండి, ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్ళు కాకూడదు, తెల్లపులి సంగతి చెప్పాను కదా. ఆయన్ని గౌరవాధ్యక్షుణ్ణి చెయ్యండి, ముందు వరసలో కుర్చీ, శాలువా, మైకులో రెండు మాటలు (రెండు మాటలు ఇరవై నిమిషాలవుతాయి, అవ్వనివ్వండి). చెక్కుబుక్కు మాత్రం వేరేవాళ్ళ దగ్గరుండాలి. ఈ ఏడాది ఒక చిన్న నాటిక పూర్తిగా కుర్రాళ్ళకి వదిలెయ్యండి, హాలు అద్దె దగ్గర్నుంచి లైట్లవాడి అడ్వాన్సు దాకా, పైసా పైసా లెక్క వాళ్ళే చెప్పాలి.

ప్ర: మా క్లబ్ తరఫున జూలో జంతువుని దత్తత తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ

జ: తీసుకోవచ్చు, నందన్‌కానన్‌లో ఆ స్కీము ఉంది. దాని ఖర్చుకి మీరు డబ్బు కడతారు, జంతువు మాత్రం ఇంటికి రాదు (నిజంగా అడిగినవాళ్ళున్నారు). పులికి చందాలు చాలకపోతే ఏ పిట్టకో కట్టండి, రసీదు ట్రెజరర్ జేబులో కాకుండా క్లబ్ ఫైల్లో పెట్టండి.