తోట అమ్మకముందు చదవవలసిన ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, మిర్యాలగూడ నుంచి నీ మేనమామ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన వీడియో చూశాను. నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీద మీటరులో అంకె 140 దాటినప్పుడు వెనక కూర్చున్న నీ స్నేహితుడు వేసిన కేకలు కూడా విన్నాను. మరునాడే మీ అమ్మ ఫోన్ చేసింది. బైక్ రేసింగునే వృత్తిగా పెట్టుకుంటానని నువ్వు పట్టుబట్టావనీ, అందుకోసం బత్తాయి తోటలో ఒక ఎకరం అమ్మే మాట ఇంట్లో నడుస్తోందనీ చెప్పి, నిన్ను గట్టిగా తిట్టమని నన్ను అడిగింది. తిట్టే అర్హత నాకు లేదు. నీ వయసులో ఇంట్లో చెప్పకుండా మద్రాసు బస్సెక్కి, ఒక ప్రైవేటు రేసింగు జట్టు వర్క్‌షాపులో స్పానర్లు కడుగుతూ మొదలుపెట్టి, నాలుగేళ్లు మెకానిక్‌గా, అందులో రెండు సీజన్లు రైడర్‌గా కూడా గడిపి, చివరికి విరిగిన కాలర్ ఎముకతో (మెడ కింద, భుజానికి ముందుండే ఎముక) తిరిగి వచ్చిన వాణ్ణి నేను. అందుచేత వద్దని చెప్పడానికి కాకుండా, ఆ పని ఎలాంటిదో చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట ఆ వీడియో సంగతి. తిన్నని నాలుగు వరుసల రోడ్డు మీద 140 పోవడం బండి గొప్పతనమే తప్ప నడిపేవాడి గొప్పతనం కాదు. పెట్రోలు ఉంటే ఎవరైనా పోగలరు. వేగం రెండింతలైతే ఢీకొనే శక్తి నాలుగింతలు అవుతుందని నువ్వు ఇంటర్‌లోనే చదువుకున్నావు, కాబట్టి 70కీ 140కీ మధ్య తేడా ఎంతో నీకు వేరే చెప్పనక్కర్లేదు. వరి కోతల కాలంలో ఆ రోడ్డు మీద ధాన్యం ఆరబోసి రాళ్లు అడ్డంగా పెడతారనీ, చీకటి పడ్డాక వెనక దీపం లేని ట్రాక్టర్ ట్రాలీలు తిరుగుతాయనీ కూడా నీకు తెలుసు. ట్రాక్ మీద పడినవాడికి జారిపోవడానికి ఖాళీ స్థలం, ఆపడానికి కంకర గుంట, పసుపు జెండా ఊపే మార్షల్, రెండు నిమిషాల్లో వచ్చే అంబులెన్సు ఉంటాయి. రోడ్డు మీద పడినవాడికి డివైడర్ ఉంటుంది. నిజంగా రేసర్ కావాలనుకుంటే నువ్వు మానవలసిన మొదటి పని రోడ్డు మీద రేసింగు. నేను చూసిన మంచి రైడర్లలో చాలామంది ఊళ్లో స్కూటర్ మీద ముసలివాళ్లలా పోయేవాళ్లు. ఎందుకంటే ఎముక విలువ వాళ్లకు తెలుసు.

ఇక అసలు పని. రేసింగు అంటే ఒక్కసారి వేగంగా పోవడం కాదు; అదే మలుపును, అదే చోట బ్రేకు పట్టి, అదే గేరులో, అదే గీత మీద ఇరవైసార్లు తిప్పగలగడం. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైన మద్రాసు ట్రాక్ ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు, అందులో 12 మలుపులు. ల్యాపుకు, అంటే ఒక్కో చుట్టుకు, అర సెకను పోగొట్టుకుంటే పది ల్యాపుల పోటీలో 5 సెకన్లు పోయినట్టు. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో 5 సెకన్లంటే 160 మీటర్లకు పైమాట. అంత దూరంలో ఉన్నవాడి బండి నంబరు కూడా నీకు కనబడదు. ఆ అర సెకను తిన్నని దారిలో దొరికేది కాదు, అక్కడ అందరి బండ్లూ దాదాపు ఒకటే. పన్నెండు మలుపుల్లో కొంచెం కొంచెంగా ఏరుకోవలసినదే అది.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా నాలుగేళ్ల అనుభవంలో నాకు మిగిలింది ఇదే. మా జట్టులో ఇద్దరు కుర్రవాళ్లు ఉండేవారు. ఒకడు భయం ఎరగనివాడు, మొదటి ల్యాపులోనే అందరినీ దాటేవాడు. పిట్‌కు, అంటే ట్రాక్ పక్కన బండి సరిచేసే చోటికి, వచ్చాక ఏమైందని అడిగితే మాత్రం, బండి బాగా లేదు అన్న మాట తప్ప మరేమీ చెప్పలేకపోయేవాడు. రెండోవాడు వాడికంటే ల్యాపుకు ఒక సెకను వెనక. కానీ వాడు హెల్మెట్ తీసి, ఫలానా మలుపులో బ్రేకు వదులుతున్నప్పుడు ముందు ఫోర్కులు ఒక్కసారిగా పైకి లేస్తున్నాయనీ, అందువల్ల బండి గీత దాటి బయటికి పోతోందనీ, ఆ తర్వాత థ్రాటిల్ తెరిస్తే మధ్య ఆర్‌పీఎంలో ఇంజను ఒక క్షణం తటపటాయిస్తోందనీ చెప్పేవాడు. ఆ రోజుల్లో మావి టూ స్ట్రోక్ బండ్లు. ప్లగ్ విప్పి రంగు చూసేవాళ్లం. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదని, నల్లగా మసి పట్టి ఉంటే ఎక్కువైందని, ఇటుక రంగులో ఉంటే సరిగా ఉందని అర్థం. కానీ ప్లగ్ చెప్పేది ఇంజను గురించే. చక్రం నేలను ఎలా పట్టుకుందో చెప్పగలిగేది సీటు మీద కూర్చున్నవాడు ఒక్కడే. సీజను చివరికి రెండోవాడు మొదటివాణ్ణి దాటిపోయాడు. వాడు చెప్పింది విని మేము బండిని వాడికి తగినట్టు మార్చగలిగాము. మొదటివాడి బండి ఏడాదంతా ఎలా వచ్చిందో అలాగే ఉండిపోయింది. మరుసటి ఏడాది జట్టు ఎవరికి జీతం ఇచ్చిందో నువ్వే ఊహించుకో. ఇప్పటి పెద్ద బండ్లలో సెన్సర్లు వచ్చి థ్రాటిల్ ఎంత తెరిచావో, బ్రేకు ఎంత పట్టావో గీతలు గీసి చూపిస్తున్నాయి. అయినా ఎందుకు అలా చేశావన్న ప్రశ్నకు జవాబు ఆ గీతల్లో ఉండదు.

కాబట్టి బండి కొనకముందు ఒక నోటుబుక్కు కొను. ట్రాక్ మీదికి దిగిన ప్రతిసారీ, దిగి వచ్చిన పది నిమిషాల్లోపల, ఎక్కడ బ్రేకు పట్టావో, ఏ గేరులో తిరిగావో, మలుపులో లోపలి అంచును ఎక్కడ తాకావో, టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు ఎంత, వేడెక్కాక ఎంత అన్నది రాసుకో. పడితే ఎలా పడ్డావో రాసుకో. ముందు చక్రం పట్టు తప్పితే బండి నీ కింద నుంచి జారిపోతుంది, నువ్వు దాని వెనక జారుతావు. దాన్ని లోసైడ్ అంటారు, చాలాసార్లు దులుపుకుని లేవవచ్చు. మలుపులో థ్రాటిల్ తొందరపడి తెరిచినప్పుడు వెనక చక్రం పక్కకు జారి, భయపడి నువ్వు ఒక్కసారిగా మూసేయగానే అది మళ్లీ పట్టు దొరికించుకుంటే, బండి నిన్ను గాలిలోకి విసిరేస్తుంది. అది హైసైడ్. నా కాలర్ ఎముక విరిగింది దానివల్లే. ఈ రెండింటికీ కారణాలు వేరు, మందులు వేరు. ఏదో జారింది మామా అని చెప్పేవాడు మళ్లీ అదే చోట పడతాడు.

మెట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ముందు ట్రాక్ మీద శిక్షణ ఇచ్చే పాఠశాలలో చేరి, ఆ తర్వాత ఎఫ్ఎంఎస్‌సీఐ అనే జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఇచ్చే పోటీ లైసెన్సు తీసుకోవాలి. జాతీయ చాంపియన్‌షిప్ పోటీలు ఎక్కువగా చెన్నైలోనూ కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనూ జరుగుతూ వచ్చాయి కాబట్టి మన నల్లగొండ నుంచి ప్రయాణ ఖర్చు తప్పదు. వన్ మేక్ పోటీలని కంపెనీలు నడిపేవి ఉన్నాయి. టీవీఎస్, హోండా రెండూ నడిపాయి. అందులో అందరికీ ఒకే రకం బండి ఉంటుంది, అందువల్ల డబ్బున్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం కొంత తగ్గుతుంది. నీలాంటివాడు తట్టవలసిన తలుపు అదే. దాని పైన 1996లో మొదలైన ఆసియా రోడ్ రేసింగ్ చాంపియన్‌షిప్, ఆ పైన ప్రపంచ చాంపియన్‌షిప్ ఉన్నాయి. ఆ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో చిన్న బండ్ల తరగతి మోటో3, అన్నిటికంటే పై తరగతి మోటోజీపీ.

ప్రపంచ చాంపియన్‌షిప్ గురించి నీకు తియ్యని మాటలు చెప్పను. 2011లో చెన్నై కుర్రవాడు శరత్ కుమార్ 125 సీసీ తరగతిలో దిగాడు; 2023 సెప్టెంబరులో నోయిడా దగ్గరి బుద్ధ్ ట్రాక్‌లో జరిగిన భారత్ గ్రాండ్ ప్రీలో కె.వై. అహమద్‌కు మోటో3లో వైల్డ్ కార్డు, అంటే ఆ ఒక్క పోటీకే ఇచ్చే ప్రత్యేక ప్రవేశం, దొరికింది. ఇంత పెద్ద దేశం నుంచి ఆ స్థాయికి చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మన మహీంద్రా కంపెనీ మోటో3లో ఏళ్ల తరబడి బండ్లు దింపి, 2016లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో తన మొదటి గెలుపు సాధించినప్పుడు దాని మీద ఉన్నది ఇటలీ కుర్రవాడు బాన్యాయా. అతడే తర్వాత 2022లోనూ 2023లోనూ మోటోజీపీ చాంపియన్ అయ్యాడు. కంపెనీ మనదైనా సీటు మనవాడికి దక్కలేదు, ఎందుకంటే ఇటలీలో, స్పెయిన్‌లో పిల్లలు ఆరేడేళ్లకే చిన్న బండ్లతో ట్రాక్ ఎక్కుతారు, మనం పందొమ్మిదేళ్లకు ఎక్కాలని ఆలోచిస్తున్నాము. జాతీయ స్థాయికి నీ వయసు మించిపోలేదు. మోటోజీపీకి మించిపోయిందనే నా అభిప్రాయం. అది మనసులో పెట్టుకునే పనిలో దిగు.

శరీరం గురించి రెండు మాటలు. తోలు సూటు వేసుకుని పాలమూరు ఎండలాంటి ఎండలో అరగంట వంగి కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించు. భారత్ గ్రాండ్ ప్రీలో రెండో స్థానంలో వచ్చిన హోర్హె మార్టిన్‌లాంటి వాడే వేడికి నీళ్లు ఇంకిపోయి సొమ్మసిల్లాడు. వ్యాయామశాలలో చేతుల కండలు పెంచడం కంటే నడుము, తొడలు, మెడ గట్టిపడేలా చూసుకో. బ్రేకు వేసినప్పుడు ఒంటి బరువును మోకాళ్లతో ట్యాంకును పట్టి ఆపకపోతే మొత్తం మణికట్ల మీద పడి, ముంజేతులు బిగుసుకుపోయి, ఐదో ల్యాపుకు బ్రేకు లివరే తెలియకుండా పోతుంది.

ఇంకొకటి, దెబ్బ తగిలాక తొందర. విరిగిన ఎముక అతుక్కోవడానికి ఆరు వారాలు ఆగమని డాక్టరు చెప్పినా, జట్టులో నా స్థానం పోతుందన్న భయంతో నేను నాలుగో వారమే బండెక్కాను. అది వంకరగా అతుక్కుని ఈ రోజుకీ చలికాలంలో లాగుతుంది. ఎంత పెద్దవాళ్లకైనా ఈ తప్పు తప్పలేదు. 2020లో మోటోజీపీ చాంపియన్ మార్క్ మార్కెజ్ స్పెయిన్‌లోని హెరెస్‌లో చేయి విరిగిన వారంలోపే మళ్లీ బండెక్కాడు, అమర్చిన ప్లేటు విరిగింది, మొత్తం నాలుగు శస్త్రచికిత్సలు చేయించుకున్నాడు. 2019 తర్వాత మళ్లీ చాంపియన్ కావడానికి 2025 దాకా ఆగవలసి వచ్చింది. ఆటలో చావు కూడా ఉందని మీ అమ్మ దగ్గర దాచకు. 2023 ఆగస్టులో మద్రాసు ట్రాక్‌లోనే బెంగళూరుకు చెందిన 13 ఏళ్ల పిల్లవాడు పోటీలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సూటు మోటోజీపీలో 2018 నుంచి తప్పనిసరి. నువ్వు అప్పు చేసి కొనదగిన వస్తువు ఏదైనా ఉంటే అది మంచి హెల్మెట్, ఆ సూటు, అంతే. మామూలు ప్రమాద బీమా పాలసీల్లో రేసింగును మినహాయిస్తూ ఒక షరతు ఉండడం పరిపాటి, కాబట్టి సంతకం పెట్టేముందు చిన్న అక్షరాలు చదువు. జట్టు ఒప్పందం కూడా అలాగే చదువు. నా రెండో సీజను బహుమతి డబ్బు, దెబ్బకు అయిన ఆస్పత్రి ఖర్చు ఎవరివన్నది కాగితం మీద లేకపోవడంతో మొదటిది జట్టుకూ, రెండోది మా నాన్నకూ పోయాయి.

ఇప్పుడు తోట. బత్తాయి చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఆ చెట్లకు మీ నాన్న ట్యాంకర్లతో నీళ్లు పోసిన ఎండాకాలాలు నేను కళ్లారా చూశాను. ఆ ఎకరం అమ్మి సొంత రేసు బండి కొంటే, ఒక్క సీజనులో టైర్లు, బ్రేకు ప్యాడ్లు, చైన్లు, ఎంట్రీ ఫీజులు, రవాణా, పడినప్పుడల్లా ఫెయిరింగులు (బండి పైతొడుగులు) ఆ డబ్బును తినేస్తాయి. బదులుగా ఈ ఏడాది శిక్షణ ఖర్చు నేను పెడతాను. ఒక షరతు ఉంది: ఇంజనీరింగు మానకూడదు. గెలవలేకపోయినా ట్రాక్ దగ్గరే బతకగలిగిన పనులు చాలా ఉన్నాయి. కంపెనీల్లో బండ్లు పరీక్షించే రైడర్లు, డేటా చూసే ఇంజనీర్లు, శిక్షకులు, రేసు మెకానిక్కులు. నీ చదువు ఆ తలుపులన్నింటికీ పనికొస్తుంది. రెండు సీజన్లు చూద్దాం. అప్పటికి ఏ కంపెనీ జట్టూ నీ వైపు చూడకపోతే ఎలా నడవాలో మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం. తోట మాట మాత్రం ఇంట్లో ఇక ఎత్తవద్దు.

వచ్చే ఆదివారం మిర్యాలగూడ రా. బండి తాళం చెవి మీ అమ్మ చేతికిచ్చి బస్సులో రా. డ్రైవరు వెనక సీటులో కూర్చుని, తిప్పర్తి దాటాక వేములపల్లి లోపల ఏదైనా ఒక్క మలుపు ఎంచుకో. ఆయన బ్రేకు ఎక్కడ వేశాడు, గేరు ఎప్పుడు మార్చాడు, బస్సు బరువు ఎటు వాలింది, నీ ఒళ్లు ఎటు ఒరిగింది, స్టీరింగ్ ఎక్కడ తిన్నగా అయింది అన్నది ఒక పేజీ రాసుకుని తీసుకురా. నా పాత నోటుబుక్కులు అటక మీది నుంచి దింపి పెడతాను.

ఆశీస్సులతో,
నీ మామ