ఇటలీ బస్సు టూరుకు బయల్దేరుతున్న చెల్లాయికి

చెల్లాయ్,

నువ్వు ఫోన్లో అడిగినవాటికి ఫోన్లోనే జవాబు చెబితే సగం నీ ప్రశ్నల్లోనే కొట్టుకుపోతుంది. అందుకే రాస్తున్నాను. మరిదిగారికి కూడా చదివి వినిపించు, ముఖ్యంగా ఆయన గురించి రాసిన చోట్లు.

ముందు అసలు మాట. గైడుతో వెళ్లే బస్సు టూర్లో దారి, హోటలు, టిక్కెట్లు, సామాను అన్నీ వాళ్లే చూసుకుంటారు. మనకు మిగిలే పనల్లా ఏది మానేయాలో తేల్చుకోవడం. డబ్బు కట్టాం కదా అని ప్రతిచోటా దిగి, ప్రతి మెట్టూ ఎక్కితే మూడోనాటికి మోకాళ్లు మొరాయిస్తాయి, నాలుగోనాటికి మీ ఇద్దరి మధ్య మాటలు పెరుగుతాయి. ఇటలీలో చూడాల్సినవి ఎటూ తరగవు. మీరు అలిసిపోకుండా చూసినవే మీకు దక్కుతాయి.

డబ్బు కట్టేముందు హోటళ్ల చిరునామాలు అడిగి తీసుకో. కాగితం మీద 'వెనిస్' అని ఉంటుంది, పడుకోబెట్టేది వంతెన అవతల మేస్త్రేలో. 'ఫ్లోరెన్స్' అని ఉంటుంది, రాత్రికి దూరంగా ఉన్న మోంతెకాతీని అనే ఊళ్లో తేలతారు. అది మోసమేమీ కాదు, ధర తగ్గేది అందుకే. కాకపోతే సాయంత్రం భోజనమయ్యాక ఊళ్లో నాలుగడుగులు వేద్దామన్న ఆశ పెట్టుకోకూడదు. మన దేశపు కంపెనీతో వెళ్తే రాత్రిపూట పప్పు, అన్నం దొరుకుతాయి. ఆ పప్పు కోసం ఊరి చివరి ఇండియన్ హోటలుకు బస్సు వెళ్లొచ్చేసరికి రెండు గంటలు పోతాయి. నన్నడిగితే కొన్ని పూటలు ఆ భోజనం వదిలేయడమే మేలు. మరిదిగారు ఒప్పుకోరని తెలుసు, అయినా చెబుతున్నాను.

కార్యక్రమంలో ఏ రోజు ఏ వారం పడిందో కూడా చూడు. ఫ్లోరెన్సులో ఉఫిజి మ్యూజియం, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ ఉన్న అకాడెమియా రెండూ సోమవారం మూసేస్తారు. రోములో వాటికన్ మ్యూజియాలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, ఆ రోజు జనం మీద జనం. 'ఫొటో స్టాప్' అని రాసిన చోట లోపలికి వెళ్లడం ఉండదు, బయట నిలబడి ఫొటో దిగి బస్సెక్కడమే.

వీసా సంగతి క్లుప్తంగా. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, చివరిదాకా ఆగకండి. 30,000 యూరోలకు తక్కువ కాని ఆరోగ్య బీమా తప్పనిసరి. మిగతాది ఏజెంటు చెబుతాడు.

ఇక బస్సు. అక్కడ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి. రోజు మొత్తం మీద మామూలుగా 9 గంటలకు మించి నడపకూడదు. బండిలో ఉన్న టాకోగ్రాఫ్ ఇదంతా నమోదు చేస్తూనే ఉంటుంది, తప్పితే జరిమానా. కాబట్టి ఎవరో ఒకరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తే ఆ సమయం సాయంత్రం చూడాల్సిన ఊరి నుంచి కోసుకుపోతుంది. తోటివాళ్ల మొహాలు మాడిపోవడం అదనం. మరిదిగారికి ఫొటోల పిచ్చి కదా, ఆయన చేతిలో గడియారం నువ్వే ఉంచు.

దారిలో ఆటోగ్రిల్ లాంటి విశ్రాంతి కేంద్రాల దగ్గర ఆపుతారు. చాలాచోట్ల ముందు క్యాష్ కౌంటర్లో డబ్బు కట్టి, ఆ చీటీ కాఫీ ఇచ్చేవాడికి చూపించాలి. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. బయటికొచ్చే దారంతా చాక్లెట్లు, జున్నుల అరల మధ్యనుంచే పెట్టారు మహానుభావులు, కొనకుండా బయటపడటం ఒక విద్య. టాయిలెట్ల కోసం చిల్లర నాణేలు ఎప్పుడూ దగ్గరుంచుకో.

బస్సు టూరంటే కూర్చుని చూడటమే అనుకునేవు, కానే కాదు. పాత నగరాల నడిబొడ్డులోకి టూరు బస్సుల్ని రానివ్వరు. ఎక్కడో దింపుతారు, అక్కడినుంచి నడకే. రోములో వీధులకు పరిచినవి నల్లటి చిన్న రాళ్లు, వాటి మధ్య సందుల్లో అడుగు పట్టేస్తుంది. కొత్త బూట్లు కొని నేరుగా విమానమెక్కకండి, ముందు నెల్లాళ్లు ఇక్కడ తొడిగి నడవండి. గైడు మాట వినడానికి చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ ఇస్తారు. అందులో మాట గరగరలాడిందంటే గుంపు ముందుకెళ్లిపోయిందని లెక్క, తలెత్తి గైడు చేతిలోని జెండా వెతుక్కోవాలి.

సెయింట్ పీటర్స్ చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. నీ చీరకు ఇబ్బంది లేదు, మరిదిగారి నిక్కర్లు హోటల్లోనే ఉండాలి. వాటికన్ మ్యూజియాల్లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థన మందిరంలో మాట్లాడకూడదు, ఫొటో తీయకూడదు, గైడు కూడా చెప్పాల్సిందంతా బయటే చెప్పేస్తాడు. అప్పుడు శ్రద్ధగా విను. లోపల గోడల వెంట బల్లలుంటాయి, ఖాళీ దొరగ్గానే కూర్చో. 1508 నుంచి 1512 దాకా మైకెలాంజెలో మెడ వెనక్కి వాల్చి గీసిన కప్పును నిలబడి, తోపులాటలో చూడటం దండగ.

పీసాలో గోపురం ఎక్కొద్దు. 1173లో మొదలుపెట్టారు, ఒకవైపు నేల మెత్తన కావడంతో కడుతుండగానే ఒరిగింది. 1990లో మూసేసి, ఎత్తుగా ఉన్నవైపు మట్టి తోడి కాస్త నిటారు చేసి 2001లో మళ్లీ తెరిచారు. లోపల రెండొందల యాభై పైచిలుకు మెట్లు, పాలరాయి అరిగి జారుడుగా ఉంటాయి. ఎక్కినవాళ్లకు ఆ ఒరుగు కనబడదు కూడా, కాళ్లకు తెలుస్తుందంతే. దానికి బదులు పక్కనున్న గుండ్రటి బాప్టిస్టరీలోకి, అంటే బాప్తిస్మం ఇచ్చే మందిరంలోకి వెళ్లండి. అప్పుడప్పుడు అక్కడి ఉద్యోగి నిలబడి నాలుగు స్వరాలు పాడతారు. ఒక్క గొంతు నలుగురు పాడినట్టు తిరిగొస్తుంది. నువ్వు సంగీతం నేర్చుకున్నదానివి, వదులుకోకు.

వెనిస్‌లో బస్సు త్రోంకెట్టో దగ్గర ఆగిపోతుంది, అక్కడినుంచి పడవ. గొండోలా గురించి అడిగావు. పగలు అరగంటకు 90 యూరోలు, రాత్రయితే 110, అది పడవ మొత్తానికి. ఐదుగురి దాకా ఎక్కొచ్చు. బస్సులో మీతో కలిసిన ఇంకో జంటతో పంచుకుంటే సగమవుతుంది. టూరువాళ్లు తలకింత అని అమ్మితే ఈ లెక్క వేసి చూసుకో. సెయింట్ మార్క్స్ చౌకులో పాటకచేరీ పెట్టే కాఫీ కొట్లలో కూర్చుంటే ఆ సంగీతానికి కూడా బిల్లు వేస్తారు. అలాగని పులిహోర పొట్లం విప్పి మెట్ల మీద కూర్చోకండి, జరిమానా వేస్తారు. రోములో స్పానిష్ మెట్ల మీద 2019 నుంచి ఊరికే కూర్చోవడం కూడా నిషేధమే.

తిండికి బెంగ పడకు. టమాటా, వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో చేసే అరాబియాతా పాస్తా మన నాలుకకు నచ్చుతుంది. మార్గెరీటా పిజ్జా ఎక్కడైనా దొరుకుతుంది. సూపు కూరగాయలదే అన్నా మాంసం రసంతో కాచి ఉండొచ్చు, అడగాలి. పార్మేజాన్ జున్ను విరవడానికి దూడ కడుపునుంచి తీసిన పదార్థం వాడతారు. మరిదిగారికి అంత పట్టింపుంటే జున్ను వేయొద్దని ముందే చెప్పించు. బిల్లులో మనిషికి రెండు మూడు యూరోలు 'కోపెర్తో' అని కనబడితే గొడవ పడకండి, బల్ల దగ్గర కూర్చున్నందుకు అది అక్కడి ఆనవాయితీ. ఇంకో మాట, అక్కడి హోటల్ స్నానాల గదుల్లో కడుక్కోవడానికి బిడే అని కుళాయి ఉన్న చిన్న తొట్టి ఉంటుంది. మిగతా ఐరోపాలో మనవాళ్లు పడే అవస్థ ఇటలీలో తక్కువ.

దొంగల సంగతి అందరూ చెప్పే ఉంటారు. ట్రెవీ ఫౌంటెన్ దగ్గర, మెట్రోలో, రద్దీ బస్సుల్లో జాగ్రత్త. ఎవరైనా చేతిలో గులాబీ పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకో. డబ్బు, కార్డులు, మందులు ఇద్దరి దగ్గరా వేర్వేరుగా ఉండాలి. హోటలు కార్డు కూడా ఎవరిది వారి జేబులోనే.

మీ ఇద్దరి గురించి. ఇంట్లో ఆయన పొద్దున్నే నడకకు వెళ్తారు, మధ్యాహ్నం నీ లోకం నీది. అక్కడ పగలంతా ఒకే సీటు, రాత్రంతా ఒకే చిన్న గది. రోజుకు ఒక గంటైనా విడిగా ఉండండి. ఆయన్ని చౌకులో కాఫీ ముందు కూర్చోబెట్టి నువ్వు కొట్లు చూసుకో. ఎన్ని గంటలకు, ఏ విగ్రహం కింద కలుసుకోవాలో ముందే అనుకోండి. కాప్రి దీవి లాంటి అదనపు యాత్రల్లో ఇద్దరూ వెళ్లి తీరాలని లేదు. అక్కడి నీలి గుహలోకి వెళ్లాలంటే చిన్న పడవలో వెల్లకిలా పడుకోవాలి. ఆయన నడుముకు అది వద్దు, నువ్వు వెళ్లు. ఉండిపోయినవాళ్ల మీద అలిగేది లేదని ఇక్కడే మాట తీసుకో. మీ బావగారు, నేను అలాగే సర్దుకున్నాం.

సామానులో కారప్పొడి, కందిపొడి పెట్టుకో. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, పాలతో చేసినవి, మాంసం బయటి దేశాలనుంచి తేనివ్వరు. ఛార్జర్‌కి సన్నటి రెండు పుల్లల ప్లగ్ ఉంటే అక్కడ పడుతుంది, మూడు పుల్లలదైతే అడాప్టర్ కావాలి.

ఏ రోజు ఏ ఊరో రాసిన కాగితం చేతికి రాగానే నాకు పంపు. ఫ్లోరెన్సు సోమవారం పడిందేమో ముందు అది చూసి చెబుతాను, మార్చమని అడగడానికి వ్యవధి ఉండాలి కదా.

మీ అక్క