గ్రామర్ పుస్తకం మీద అంకె చూసి లెవెల్ ఎంచుకోకండి

ప్రశ్న: మా ఇద్దరు పిల్లల్నీ ఇంట్లోనే చదివిస్తున్నాం. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఏడు. ఇంగ్లీష్ గ్రామర్‌కి ఒక కరికులమ్ అనుకున్నాం కానీ ఏ లెవెల్ తీసుకోవాలో తేలడం లేదు. వయసు ప్రకారం పాపకి నాలుగో లెవెల్ ఉండాలి, ప్లేస్‌మెంట్ టెస్ట్ పెడితే రెండోది చూపిస్తోంది. వెనక్కి వేస్తే చిన్నబుచ్చుకుంటుందేమో, ముందుకు వేస్తే అర్థం కాదేమో అని ఒకటే టెన్షన్. ఇద్దరికీ కలిపి ఒకే పుస్తకం చెప్పేస్తే నాకూ సగం పని తగ్గుతుంది కదా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నాలుగు అనే అంకెని పక్కన పెట్టండి. అది ఆ సిరీస్‌లో పుస్తకాల వరస సంఖ్య, అంతకు మించి ఏమీ కాదు. ఒక సిరీస్‌వాళ్లు మూడో లెవెల్‌లో చెప్పే ప్రిపొజిషన్లని (ఇన్, ఆన్, అండర్ లాంటి మాటల్ని) ఇంకొకరు ఐదో దాంట్లో చెబుతారు, మరొకరు రెండో దాంట్లోనే వల్లె వేయిస్తారు. ఇంకో సంగతి, గ్రామర్ లెక్కల్లాంటిది కాదు. భాగహారం రాకుండా భిన్నాల్లోకి వెళ్తే పిల్లలు నిజంగానే ఇరుక్కుపోతారు. గ్రామర్ సిరీస్‌లు మాత్రం చాలావరకు ప్రతి ఏడాదీ మళ్లీ నౌన్ దగ్గరే మొదలుపెట్టి, పాతదంతా ఒకసారి తిరగేసి, దాని మీద ఇంకాస్త కొత్తది చేరుస్తాయి. అందుకని ఒక లెవెల్ అటూ ఇటూ అయితే మీరు భయపడేంత నష్టం ఉండదు.

టెస్ట్ రెండో లెవెల్ అన్నదని అలాగే ఒప్పేసుకోకండి. ఇలాంటి టెస్టుల్లో చాలా ప్రశ్నలు పేర్లు అడుగుతాయి, దీన్ని ఏమంటారు, దాన్ని ఏమంటారు అని. పాపకి విషయం తెలియలేదా, పేరు తెలియలేదా అన్నది మార్కుల్లో కనిపించదు. అది మీరు ఇంట్లో కాసేపు కూర్చుంటే తెలిసిపోతుంది. ఒక కాగితం మీద ‘ది ఓల్డ్ మ్యాన్ స్లోలీ ఓపెన్డ్ ద డోర్’ అని రాసి పాప ముందు పెట్టండి. నౌన్, వెర్బ్ అనే మాటలే ఎత్తకుండా తెలుగులో అడగండి: తెరిచింది ఎవరు? దేన్ని తెరిచాడు? ఎలా తెరిచాడు? ఆ మనిషి ఎలాంటివాడు? ఏ మాట చూసి చెప్పావో వేలు పెట్టి చూపించమనండి. అన్నీ గబగబా చూపించేసి, వాటిని ఏమంటారని అడిగినప్పుడు మాత్రం తెల్లమొహం వేసిందనుకోండి, ఆ పేర్లు కొన్ని వారాల్లో నేర్పేయొచ్చు, దానికోసం రెండేళ్లు వెనక్కి వెళ్లక్కర్లేదు. మూడో లెవెల్ తీసుకుని మొదటి అధ్యాయాలు నెమ్మదిగా చేయించండి. అలా కాకుండా తెరిచింది ఎవరో, దేన్ని తెరిచాడో దగ్గరే తడబడుతుంటే రెండోదే సరైనది, మొహమాటపడకుండా అదే తీసుకోండి.

నౌన్ అంటే ఏమిటో నిర్వచనం అప్పజెప్పే పిల్లలకి ఇంకో పరీక్ష పెట్టాలి. ‘వాటర్ ఈజ్ కోల్డ్’, ‘వాటర్ ద ప్లాంట్స్’ అని రెండు వాక్యాలు ఇచ్చి వాటర్ అనే మాట రెండు చోట్లా ఒకే పని చేస్తోందా అని అడగండి. రెండో చోట మొక్కలకి నీళ్లు పోయమంటున్నారు కాబట్టి అది అక్కడ పని చెప్పే మాట అని పసిగడితే పాపకి విషయం ఒంటబట్టినట్టే. రెండు చోట్లా నౌనే అంటే జాబితా బట్టీ పట్టిందన్నమాట.

అన్నిటికంటే నేను ఎక్కువగా నమ్మేది పిల్లలు సొంతంగా రాసిన దాన్ని. వర్క్‌బుక్‌లో పాస్ట్ టెన్స్ ఖాళీలన్నీ తప్పులేకుండా నింపిన పిల్లే, ఆ సాయంత్రం డైరీలో ‘ఐ సీ ఎ బిగ్ స్నేక్ యెస్టర్‌డే’ అని రాస్తుంది. వర్క్‌బుక్ ఆ విషయం వచ్చేసిందంటుంది, డైరీ ఇంకా రాలేదంటుంది. నేనైతే డైరీ మాటే వింటాను. పాప ఈ మధ్య రాసిన పేజీలు కొన్ని తీసి ఏ తప్పు పదేపదే వస్తోందో గుర్తుపెట్టి, ఆ పాఠాలు గట్టిగా చెప్పే లెవెల్ ఏదో విషయసూచికలో వెతకండి.

తెలుగు మాట్లాడే ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ఈ పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీష్ ఇంటిభాషగా పెరిగే పిల్లల కోసం రాసినవి. ‘రెండిట్లో ఏది వినడానికి బాగుందో చెప్పు’ లాంటి అభ్యాసాలు వాటి నిండా ఉంటాయి. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు ఇంగ్లీష్ మాట్లాడే చిన్నపిల్లలకి ఒక ఊహాజీవి బొమ్మ చూపించి దాని పేరు ‘వగ్’ అని చెప్పి, రెండు బొమ్మలు చూపించి ఏమనాలని అడిగితే, వాళ్లు అంతకుముందు ఎప్పుడూ వినని ఆ మాటకి కూడా ‘వగ్స్’ అని చెప్పారు. ఎవరూ నేర్పకుండానే చెవికి నియమం పట్టుబడింది. ఆ పుస్తకాలు ఆ చెవి మీద ఆధారపడతాయి. మన పిల్లలకి తెలుగులో ఆ చెవి ఉంది, ఇంగ్లీష్‌లో ఇంకా తయారవుతోంది, కాబట్టి అలాంటి ప్రశ్న వాళ్లకి ఊహించి టిక్కు పెట్టడమే అవుతుంది. కొనే ముందు నమూనా పేజీలు చూసి, నియమాన్ని విడమరిచి చెప్పే పుస్తకం తీసుకోండి. ఎ, ఆన్, ద లాంటివి తెలుగులో లేవు, ప్రిపొజిషన్ మాటకి ముందు వస్తే మన విభక్తి వెనక వస్తుంది, ఈ రెండు చోట్లా పుస్తకం ఇచ్చిన పాఠాలు ఏ లెవెల్‌లోనూ సరిపోవు, మీరే రెట్టింపు సమయం ఇవ్వాలి.

ఇక ఇద్దరినీ కలపడం. నోటితో చెప్పే భాగం వరకు కలపండి, రాతపని కలపకండి. ఏడేళ్ల బాబుకి అసలు గ్రామర్ పుస్తకం అవసరమే లేదని నా అభిప్రాయం. రోజూ కథలు చదివి వినిపించడం, ఒక మంచి వాక్యం చూసి రాయించడం, పెద్దక్షరం, ఫుల్‌స్టాప్ అలవాటు చేయడం చాలు. ఒకే వర్క్‌బుక్ ఇద్దరికీ ఇస్తే తమ్ముడు ముందు పూర్తిచేసిన రోజున అక్క మనసు కష్టపడుతుంది, లెవెల్ తగ్గించినదానికంటే అదే ఎక్కువ బాధ. పాప చిన్నబుచ్చుకుంటుందని అనిపిస్తే పుస్తకం అట్ట మీది అంకె కనిపించకుండా కాగితం అతికించేయండి.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఈ ఏడాదే స్కూలు మాన్పించి ఇంట్లో మొదలుపెట్టాం. గ్రామర్ పునాది అసలు లేదు. మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టమని ఒకరు, వయసుకి తగ్గదే తీసుకోమని ఒకరు అంటున్నారు.

జవాబు: మొదటి లెవెల్ వద్దు. ఆ పుస్తకాల్లో బొమ్మలు, వాక్యాలు ఆరేళ్ల పిల్లల కోసం పెట్టినవి, పన్నెండేళ్ల అబ్బాయికి అవమానంగా ఉంటుంది. ఈ వయసు పిల్లల కోసం సున్నా నుంచి మొదలుపెట్టి వేగంగా తీసుకెళ్లే పుస్తకాలు వేరే ఉంటాయి, అలాంటిది ఒకటి చూడండి. ఎనిమిదేళ్లప్పుడు ఏడాదంతా సాగదీసే నౌన్, వెర్బ్ లాంటి పార్ట్స్ ఆఫ్ స్పీచ్‌ని ఈ వయసులో కొద్ది నెలల్లో పట్టేస్తారు, విడదీసి చూసే బుద్ధి అప్పటికి పెరిగి ఉంటుంది. మీవాడికి బొమ్మలు, పటాలు ఇష్టమైతే వాక్యాన్ని గీతలుగా గీసే డయాగ్రామింగ్ పద్ధతి ఉన్న పుస్తకం వెతకండి. 1877లో రీడ్, కెలాగ్ అనే ఇద్దరు అమెరికన్ ఉపాధ్యాయులు తమ పుస్తకంలో ఇచ్చిన పద్ధతి అది, ఒక అడ్డగీత మీద కర్త, క్రియ, కర్మ పెట్టి మిగతా మాటల్ని అవి వేటికి చెందుతాయో వాటికింద వేలాడదీస్తారు. గీయడం ఇష్టం లేని పిల్లల మీద మాత్రం రుద్దొద్దు. అభ్యాసంలో మొదటి ఐదూ సరిగ్గా చేస్తే మిగతా పదిహేను వదిలేయనివ్వండి, ఒక్కటీ వదలకూడదని పట్టుబడితే వాడికి విసుగు తప్ప ఏమీ రాదు.

ప్రశ్న: మా అమ్మాయి ఐదో లెవెల్ పూర్తిచేసింది, టెస్టుల్లో మార్కులు బాగానే వస్తాయి, వ్యాసం రాస్తే మాత్రం అన్నీ ముక్కముక్క వాక్యాలే. ఆరో లెవెల్ కొంటే బాగుపడుతుందా?

జవాబు: ఇప్పుడే కొనకండి. 2007లో స్టీవ్ గ్రాహమ్, డొలొరెస్ పెరిన్ అనే పరిశోధకులు నాలుగు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల రాత మీద జరిగిన ప్రయోగాలన్నీ సమీక్షిస్తే, గ్రామర్‌ని విడిగా పాఠాలుగా చెప్పినందువల్ల రాత మెరుగుపడలేదు, చిన్న వాక్యాల్ని కలిపి పెద్దవి చేసే అభ్యాసం వల్ల మాత్రం మెరుగుపడింది. మీ అమ్మాయికి కావలసింది ఆ అభ్యాసమే. తన వ్యాసంలోంచే మూడు పొట్టి వాక్యాలు తీయండి: వాన పడుతోంది, అబ్బాయి పరుగెత్తాడు, అతని దగ్గర గొడుగు లేదు. వీటిని ఒకే వాక్యం చేయమనండి, తర్వాత ఇంకో రకంగా, మళ్లీ ఇంకో రకంగా. మొదట తెలుగులో నోటితో, ఆ తర్వాత ఇంగ్లీష్‌లో కాగితం మీద. బికాజ్, ఆల్దో, హూ, విచ్ లాంటివి ఎందుకున్నాయో అప్పుడు తనకే అవసరం పడి తెలుస్తుంది. రోజుకి పావుగంట చాలు. కొన్ని నెలలు ఇలా చేయించి అప్పుడు ఆరో లెవెల్ విషయసూచిక తీసి చూడండి, క్లాజుల అధ్యాయాల్లో సగం తనకి ముందే వచ్చి ఉంటాయి, మిగిలిన అధ్యాయాల కోసం కొనాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు.