అటక మీద అరవై టమాట పొట్లాలు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ప్రశ్న: చాలా ఏళ్లుగా దాచిన టమాట విత్తనాలు అరవై పొట్లాల పైనే ఉన్నాయి. కొన్నింటి మీద పేరు, ఏడాది రాశాను, కొన్నింటి మీద ఏమీ లేదు. హైబ్రిడ్ కాయల నుంచి తీసినవీ ఉన్నాయి, మా అత్తగారి కాలం నుంచి వస్తున్న నొక్కుల నాటు టమాట గింజలూ ఉన్నాయి. అన్నీ రేకుల ఇంటి అటక మీదే. ఇంట్లో వాళ్లు పారేయమంటున్నారు, నాకు చేతులు రావడం లేదు. ఏవి ఉంచుకోవాలి?
– ఒక మహిళా రైతు, తాళ్లూరు మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మిగతా సంగతి తర్వాత, ముందు ఆ నాటు గింజల పొట్లాలు ఎన్ని ఉంటే అన్నీ ఇవాళే దించి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో పెట్టండి. మన ప్రకాశం ఎండలకు రేకుల కింద అటక అంటే విత్తనానికి పొయ్యి పక్కన కూర్చున్నట్టే. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది, నిల్వ చేసే చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతే. ఈ లెక్క తిరగేస్తే మీ పొట్లాలు ఎంత త్వరగా చచ్చిపోతున్నాయో తెలుస్తుంది. బాగా ఎండబెట్టి చల్లగా దాచిన టమాట గింజ నాలుగైదేళ్లు ధీమాగా మొలుస్తుంది, అటక మీద అంత నమ్మకం పెట్టుకోలేం.

ఇక ఏరివేత. పొట్లం పాతదా కొత్తదా అని చూడకండి, ఇది పోతే మళ్లీ ఎక్కడైనా దొరుకుతుందా అని చూడండి. పూసా రూబీ, అర్కా వికాస్, పీకేఎం-1 లాంటి సూటి రకాలను, అంటే గింజ దాచి వేసినా మళ్లీ అదే రకం వచ్చేవాటిని, వాటిని విడుదల చేసిన సంస్థలే కాపాడుతున్నాయి, కావాలంటే తెప్పించుకోవచ్చు. అలాంటివి నాలుగేళ్లు దాటితే మొహమాటం లేకుండా తీసేయండి. ఒకే రకం ఐదారు ఏళ్లవి ఉంటే కొత్తది ఒక్కటి చాలు. గ్రాము టమాట విత్తనంలో సుమారు 300 గింజలుంటాయి, సూటి రకాలైతే ఎకరాకు 200 గ్రాములే వాడతాం, పెరటి సాగుకు గుప్పెళ్ల కొద్దీ గింజలతో పనేముంది చెప్పండి.

హైబ్రిడ్ కాయల నుంచి తీసినవైతే ఆలోచించే పనే లేదు. అర్కా రక్షక్ లాంటి సంకర రకం కాయ నుంచి గింజ తీసి వేస్తే పక్కపక్క మొక్కలే ఒకదానికొకటి పోలిక లేకుండా వస్తాయి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకదాని కాయ గట్టిది, ఇంకోదానిది పలచన, తెగులును తట్టుకునే గుణం కూడా అన్నిటికీ రాదు. కొందరు ఓపికగా వాటిలోంచి నచ్చిన మొక్కను ఏటా ఏరుకుంటూ ఏడెనిమిది తరాలు నిలబెడతారు, అది మంచి పనే, కానీ అరవై పొట్లాలు నెత్తిన పెట్టుకుని చేసే పని కాదు.

పేరు లేని పొట్లాలు అసలు తలనొప్పి. గింజను చూసి రకం చెప్పడం నావల్లే కాదు, ఎవరివల్లా కాదు. వాటిలో నాటుది ఉండే అవకాశం ఉందని మీకు ఏ కొంచెం అనిపించినా ఆ పొట్లాన్ని మొలక పరీక్షకు పక్కన పెట్టండి, లేకపోతే తీసేయండి. మొజాయిక్, అంటే ఆకుల మీద లేత, ముదురు పచ్చ మచ్చలు పడే వైరస్ తెగులు, వచ్చిన చెట్ల నుంచి తీసినవని గుర్తుంటే అవీ వద్దు, ఆ వైరస్ గింజతో పాటే వస్తుంది. ఆకుముడత సంగతి వేరు, దాన్ని తెల్లదోమ అంటిస్తుంది కాబట్టి ఆ ఒక్క కారణంతో మంచి నాటు రకాన్ని పోగొట్టుకోకండి.

మొలక పరీక్ష ఇంట్లోనే అవుతుంది. తడిపి పిండిన పాత నూలు గుడ్డ మీద 25 గింజలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, చాపలా చుట్టి, పొట్లం పేరు రాసిన చీటీ కట్టి, మూత డబ్బాలో పెట్టి నీళ్ల కుండ దగ్గర ఉంచండి. మరీ వేడిలో టమాట సరిగా మొలవదు, అందుకే ఎండాకాలంలో పరీక్ష చేసి గింజ చచ్చిందని తేల్చేయకూడదు. గుడ్డ ఆరిపోకుండా, అలాగని నీళ్లు కారకుండా చూసుకుంటూ ఐదో రోజు నుంచి లెక్కపెట్టండి, పద్నాలుగో రోజు దాకా ఆగండి, పాత గింజ ఆలస్యంగా లేస్తుంది. ధ్రువీకరించిన విత్తనానికి 70 శాతం మొలక ఉండాలి, అంటే 25లో 18. బజారులో దొరికే రకం అంతకన్నా తక్కువ మొలిస్తే వదిలేయండి. మీ అత్తగారి నాటుదానికి మాత్రం ఈ లెక్క పెట్టకండి, రెండు మొలిచినా ఆ రెండింటినీ వేలితో పట్టకుండా తడి పుల్లతో ఎత్తి, కొబ్బరిపొట్టు నింపిన ట్రేలో వేసి బతికించండి. ఒక్కటీ లేవకపోతే మిగతా గింజలన్నీ అదే పద్ధతిలో తడి గుడ్డలో చుట్టి చూడండి, దాచుకున్నా ఉపయోగం లేదు కదా.

ఇలా ఏరితే పది, పన్నెండు రకాలు మిగులుతాయేమో. వాటిని కూడా ఊరికే దాచకుండా ఏటా మూడు రకాల చొప్పున వేసుకుంటూ పోతే నాలుగేళ్లకు అన్నీ కొత్త గింజ అవుతాయి. అక్టోబరులో నారు పోసి, వానలు తగ్గు ముఖం పట్టాక నవంబరులో నాటండి, ఫిబ్రవరి కల్లా కాయ పండుతుంది, ఆ పొడి వాతావరణంలో గింజ బాగా ఆరుతుంది. టమాట చాలావరకు తన పుప్పొడితోనే కాయ పడుతుంది గానీ తేనెటీగలు కొంత కలుపుతాయి. విత్తన ధ్రువీకరణలో రెండు రకాల మధ్య 25 మీటర్లు వదలమంటారు. పెరట్లో అంత చోటు ఎక్కడిది, పూత గుత్తికి పలుచటి గుడ్డ సంచి తొడిగి, పిందె పడ్డాక సంచి తీసి ఆ కాడకు ఎర్ర దారం కట్టండి, ఆ కాయలే విత్తనానికి. ఒక్క చెట్టు నుంచి కాకుండా కనీసం పది చెట్ల నుంచి తీసుకోండి, నాటు రకంలో ఉండే వైవిధ్యం అప్పుడే నిలుస్తుంది.

గుజ్జుతో సహా గింజల్ని ఒక రోజు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టండి. తర్వాత బియ్యాన్ని నూనె లేకుండా వేయించి పూర్తిగా చల్లార్చి గాజు సీసా అడుగున పోసి, గింజల గుడ్డ మూటను పైన పెట్టి మూత బిగిస్తే వారంలో మిగిలిన తేమ బియ్యం లాగేస్తుంది. ఆ తర్వాత పేరు, ఏడాది పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే వేసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. బయటికి తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, వెంటనే తీస్తే గింజల మీద చెమ్మ పడుతుంది. విత్తేటప్పుడు లీటరు నీటికి 100 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ అనే రసాయనం కలిపి, అందులో గింజల్ని పావుగంట ఉంచి మంచి నీళ్లతో బాగా కడిగితే గింజ పైనున్న మొజాయిక్ వైరస్ భయం తగ్గుతుంది, చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

నాటు రకం గింజలు మాత్రం ఒక్క ఇంట్లోనే ఉంచవద్దని గట్టిగా చెబుతున్నాను. ఊళ్లో ఇంకో రెండిళ్లకు ఇవ్వండి. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల చట్టం ప్రకారం విత్తనం దాచుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం మీ హక్కు, బ్రాండ్ పేరు వేసి అమ్మకూడదు, అంతే. కాయలు పండాక దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికి కాయలు, గింజలు పట్టుకెళ్లి చూపించండి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రానికి నమూనా ఎలా పంపాలో అక్కడ అడగండి.

తీసేసిన పొట్లాలను పెంటదిబ్బ మీద వేయకండి, వానకు మొలిచి మీ నాటు మొక్కల్లో కలిసిపోతాయి. కంపెనీ ప్యాకెట్లు ఏమైనా మిగిలి ఉండి గింజలకు రంగు పూత కనిపిస్తే అది మందు, కోళ్లకు వేయకండి, బావికి, చెరువుకు దూరంగా లోతుగా గుంట తీసి పూడ్చండి.